తీరజలాల్లో తిమింగలాలను, పోర్పస్‌లను శబ్దంతో గమనించడం: తిరుపతి జిల్లా తీరానికి ఒక సమగ్ర మార్గదర్శి

తిరుపతి పేరు చెబితే కొండే గుర్తుకు వస్తుంది కానీ, 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన నాటి నుంచి ఈ జిల్లాకు సముద్రమూ ఉంది. వాకాడు మండలంలోని తూపిలిపాళెం, దుగరాజపట్నం వైపు నుంచి శ్రీహరికోట దీవి దాకా సాగే ఈ ఇసుక తీరం ముందున్న నీళ్లలో ఏ సముద్ర క్షీరదాలు ఎప్పుడు తిరుగుతున్నాయో తెలుసుకోవాలనుకునే విద్యార్థులకు, అధ్యాపకులకు, తీరప్రాంతపు యువకులకు ఈ మార్గదర్శి ఉద్దేశించినది. ఇక్కడి నీరు ఏడాదిలో చాలా భాగం మసకగా ఉంటుంది, ఒడ్డు పల్లంగా ఉంటుంది, ఎక్కి నిలబడి చూడడానికి గుట్ట కూడా ఉండదు. పైగా ఈ తీరజలాల్లో వెతకదగిన జంతువుల్లో ముఖ్యమైన వీపురెక్క లేని పోర్పస్ (డాల్ఫిన్‌ను పోలిన చిన్న సముద్ర క్షీరదం), పేరుకు తగ్గట్టే, నీటిపైకి వచ్చినప్పుడు చూపించడానికి రెక్క లేనిది. అది గుంపులు కట్టి ఎగిరి దూకదు, చిన్న అల లేచినా కంటికి ఆనదు. అయితే అది దారి చూసుకోవడానికీ, ఆహారం వెతుక్కోవడానికీ రాత్రింబవళ్లు క్లిక్ శబ్దాలు చేస్తూనే ఉంటుంది. కనుక ఇక్కడ కళ్ల కంటే చెవులు నమ్మదగినవి.

అయితే శబ్దంతో చేసే పరిశీలనలో పెద్ద ప్రమాదం ఒకటుంది. రికార్డులో ఏమీ దొరకనప్పుడు ‘ఇక్కడ తిమింగలాలు లేవు’ అని రాసేయడం చాలా సులభం. ఆ మాట రాసే ముందు, అవి ఉండి ఉంటే మన పరికరానికి వినిపించే వీలు అసలు ఉందా అన్నది తేల్చాలి. కింద చెప్పే ప్రతి పనీ, పరికరం కొనడం నుంచి నివేదిక రాయడం దాకా, ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పగలిగేలా జరగాలి.

ముందుగా జంతువును, దాని శబ్దాన్ని ఎంచుకోవడం

‘అన్నీ వింటాం’ అనుకుని మొదలుపెట్టిన పథకం ఏదీ సరిగా వినదు. మన తీరానికి సంబంధించినంత వరకు శబ్దాలను మూడు వర్గాలుగా చూడాలి.

మొదటిది పోర్పస్ క్లిక్. దీని శక్తి దాదాపు అంతా 120 నుంచి 140 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఇరుకైన పట్టీలో ఉంటుంది. 100 కిలోహెర్ట్జ్‌ల దిగువన దాదాపు ఏమీ ఉండదు. ఒక్కో క్లిక్ సెకనులో సుమారు పదివేల వంతు కాలమే ఉంటుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్‌ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పోర్పస్ పడవ పక్కనే ఉన్నా హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దమే వినిపిస్తుంది.

రెండవది డాల్ఫిన్ల వర్గం. మూపురం డాల్ఫిన్, ఇండో-పసిఫిక్ బాటిల్‌నోస్ డాల్ఫిన్, కాస్త లోతుకు పోతే స్పిన్నర్ డాల్ఫిన్ ఇందులోకి వస్తాయి. వీటి ఈలలు సుమారు 2 నుంచి 25 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి, క్లిక్‌లు 20 కిలోహెర్ట్జ్‌ల నుంచి 100 దాటిన దాకా పరచుకుని ఉంటాయి. ఇరావడీ డాల్ఫిన్ కూడా తెలుగు తీరానికి పరాయిది కాదు: 1866లో రిచర్డ్ ఓవెన్ ఆ జాతిని శాస్త్రలోకానికి వివరించింది విశాఖపట్నం రేవులో దొరికిన నమూనా ఆధారంగానే. అయితే నేడు దాని ప్రసిద్ధ స్థావరం ఒడిశాలోని చిలికా సరస్సు. దక్షిణాన మన వైపు అది దొరికితే అది వార్త అవుతుంది కనుక, అలాంటి గుర్తింపును ఒక్క రికార్డును బట్టి ప్రకటించకూడదు.

మూడవది పెద్ద తిమింగలాలు. బ్రైడ్స్ తిమింగలం, నీలి తిమింగలం చేసే శబ్దాలు ఎక్కువగా 100 హెర్ట్జ్‌ల దిగువన ఉంటాయి. స్పెర్మ్ తిమింగలం మాత్రం వేరే దారి: అది అర సెకను నుంచి సెకను వ్యవధితో బలమైన క్లిక్‌లు చేస్తుంది, వాటి శక్తి కొన్ని కిలోహెర్ట్జ్‌ల నుంచి 20 కిలోహెర్ట్జ్‌ల దాకా ఉంటుంది. అది వేటాడేది ఖండతీరపు అంచు దాటిన లోతుల్లో కాబట్టి ఒడ్డు దగ్గర పెట్టిన పరికరం దాన్ని వింటుందని ఆశించనక్కరలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు పోర్పస్, డాల్ఫిన్లతోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి నీటిలో శబ్దం నడిచే తీరు చూడాలి.

శబ్దం ఎంత దూరం వస్తుందో లెక్క కట్టడం

వెచ్చని సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా. వేగం ఎంత ఉన్నా దూరం మాత్రం పౌనఃపున్యాన్ని బట్టి మారిపోతుంది. సముద్రజలం 130 కిలోహెర్ట్జ్‌ల శబ్దాన్ని కిలోమీటరుకు సుమారు 40 డెసిబెళ్ల చొప్పున మింగేస్తుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. దీనికి వ్యాప్తి వల్ల కలిగే నష్టాన్ని, అంటే మీటర్లలో దూరపు లాగరిథమ్‌ను 20తో గుణించగా వచ్చే అంకెను, కలపాలి. పోర్పస్ క్లిక్ 300 మీటర్లు ప్రయాణిస్తే వ్యాప్తి వల్ల దాదాపు 50, శోషణ వల్ల 12, మొత్తం 62 డెసిబెళ్లు పోతాయి. అదే కిలోమీటరుకు 60, 40 కలిసి 100 డెసిబెళ్లు పోతాయి; అక్కడ ఇక మిగిలేది ఏమీ లేదు. పైగా ఆ క్లిక్ సన్నని పుంజంగా ముందుకే పోతుంది కాబట్టి జంతువు తల మన వైపు తిరిగి ఉన్నప్పుడే బలంగా తగులుతుంది. అందుకే ఒక పోర్పస్ కేంద్రం, అంటే పరికరం దించిన చోటు, కాపు కాసేది తన చుట్టూ కొన్ని వందల మీటర్ల నీటిని మాత్రమే.

తక్కువ పౌనఃపున్యాలు దూరం పోతాయి కనుక పెద్ద తిమింగలాన్ని ఒడ్డు నుంచే వినవచ్చు అనుకోవడం సహజం. లోతు తక్కువైన నీటిలో ఇది తలకిందులవుతుంది. నీటి ఉపరితలానికీ, అడుగుకూ మధ్య ఇరుక్కున్న శబ్దానికి ఒక కనిష్ఠ పౌనఃపున్యం ఉంటుంది; దానికి దిగువనున్న శబ్దం దూరం నడవలేదు. లెక్క ఇలా కట్టాలి: నీటిలోని శబ్ద వేగాన్ని అడుగు మట్టిలోని శబ్ద వేగంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 1 లోంచి తీసివేసి, వర్గమూలం తీసుకోవాలి. దాన్ని లోతుకు నాలుగు రెట్లతో గుణించి, ఆ లబ్ధంతో నీటిలోని శబ్ద వేగాన్ని భాగించాలి. నీటిలో 1540, ఇసుక అడుగులో 1700 మీటర్ల వేగం అనుకుంటే, 10 మీటర్ల లోతులో ఈ హద్దు సుమారు 90 హెర్ట్జ్ అవుతుంది, 50 మీటర్ల లోతులో సుమారు 18 హెర్ట్జ్. అంటే 10 మీటర్ల లోతులో దించిన హైడ్రోఫోన్‌కు (నీటి అడుగున వినే మైకుకు) దూరాన ఉన్న నీలి తిమింగలం పిలుపు చేరదు. జంతువు ఉన్నా, అది పిలిచినా చేరదు. అడుగు ఇసుక కాక మెత్తటి బురద అయితే పరిస్థితి ఇంకా కష్టం. పెద్ద తిమింగలాలే మీ లక్ష్యమైతే 50 మీటర్లకు తగ్గని లోతుకు పోవాలి, అందుకు తగిన పడవ, తాడు, ఖర్చు ఉండాలి.

చోటు ఎంపిక

చాలామంది మొదట అడిగే ప్రశ్న, పులికాట్ ప్రశాంతంగా ఉంటుంది కదా, అక్కడే వేయకూడదా అని. పులికాట్ చాలా భాగం మనిషి నడుములోతుకు అటూ ఇటూ ఉండే సరస్సు. సముద్రంతో కలిసే దాని ముఖద్వారాలు ఇసుక మేటలతో మూసుకుపోతూ ఉంటాయి. అక్కడ హైడ్రోఫోన్ వేస్తే రొయ్యల శబ్దాలు, పడవ తెడ్ల శబ్దాలు నేర్చుకోవడానికి పనికి వస్తుంది, పోర్పస్‌ల కోసం మాత్రం కాదు. పరికరాన్ని సముద్రంలో దించే ముందు సాధన చేయడానికి అది మంచి చోటే, అయితే పక్షుల అభయారణ్యం కాబట్టి అక్కడా అటవీశాఖ అనుమతి కావాలి.

తిరుచానూరు పక్కన ఎండిన ఇసుకగా కనిపించే స్వర్ణముఖి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి వాకాడు వైపు వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. నదీముఖాల దగ్గర చేపలు చేరుతాయి, చేపల వెంట పోర్పస్‌లు, మూపురం డాల్ఫిన్లు చేరే అవకాశం ఉంది. కనుక నదీముఖానికి ఎదురుగా 8 నుంచి 10 మీటర్ల లోతులో ఒక కేంద్రం, అదే గీత మీద సముద్రంలోకి పోతూ 15 మీటర్ల దగ్గర మరొకటి, 30 మీటర్ల దగ్గర ఇంకొకటి పెట్టడం మంచి ఆరంభం. నదికి దూరంగా, అదే లోతుల్లో, పోలిక కోసం మరో గీత ఉంటే ఇంకా మేలు. లేకపోతే దొరికిన తేడా నది వల్ల వచ్చిందో, లోతు వల్ల వచ్చిందో చెప్పలేం. రెండు పోర్పస్ కేంద్రాల మధ్య కనీసం కిలోమీటరు దూరం ఉంచాలి, ఒకే జంతువు ఒకే క్షణంలో రెండు చోట్లా నమోదు కాకుండా.

ఓడల దారులు చూసుకోవాలి. ఉత్తరాన కృష్ణపట్నం, దక్షిణాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవులకు పోయే ఓడల రొద తక్కువ పౌనఃపున్యాలను కప్పేస్తుంది. మరబోట్లు అడుగు వల లాగే దారుల్లో పెట్టిన పరికరం తిరిగి చేతికి రాదు. శ్రీహరికోట ముందరి నీళ్లు షార్ కేంద్రపు భద్రతా పరిధికి సంబంధించినవి కాబట్టి ఆ వైపు చోటు ఎంచుకోకపోవడమే తెలివి. అయితే రాకెట్ ప్రయోగపు రోజున చేపల వేటను ఆపివేస్తారు కాబట్టి, ఉత్తరాన ఉన్న మీ కేంద్రానికి కూడా ఆ గంటల్లో పడవల రొద తగ్గిపోవచ్చు. ప్రయోగపు తేదీలను, వేళలను లాగ్‌బుక్‌లో తప్పక రాయండి.

అనుమతులు, పాళెం పెద్దలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తిమింగలాలు, డాల్ఫిన్లు, పోర్పస్‌లు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మనం చేసేది వినడమే తప్ప తాకడం, తరమడం, ఎర వేయడం కాదు; అయినా రాష్ట్ర అటవీశాఖలోని వన్యప్రాణి విభాగానికి పథకాన్ని రాతపూర్వకంగా సమర్పించి అనుమతి తీసుకోవాలి. నీటి అడుగున శబ్దాలు రికార్డు చేసే పరికరం భద్రతా వర్గాలకు సందేహం కలిగించే వస్తువు కనుక మెరైన్ పోలీసులకు, కోస్ట్ గార్డ్‌కు, మత్స్యశాఖకు కేంద్రాల అక్షాంశ రేఖాంశాలతో ముందే ఉత్తరం ఇవ్వాలి. పరికరం మీద సంస్థ పేరు, ఫోన్ నంబరు, ‘ఇది ప్రమాదకరం కాదు, దొరికితే తెలియజేయండి’ అన్న మాట తెలుగులో, తమిళంలో రాయించండి. ఈ తీరంలో రెండు భాషల వారూ వేటకు వస్తారు, తాడు తెగిన పరికరం అలల మీద రాష్ట్రపు సరిహద్దు చూసుకోదు.

ఈ కాగితాలన్నిటి కంటే ముఖ్యమైనది పాళెం పెద్దలతో మాట్లాడడం. చోటు నిర్ణయించాక చెప్పడం కాదు, నిర్ణయించక ముందు అడగడం. ‘అన్నా, ఈ లోతులో మీరు ఏ నెలలో ఏ వల వేస్తారు? ఇక్కడ తాడు ఉంటే మీకు అడ్డమా?’ అని అడిగితే, పటంలో ఎక్కడా లేని సమాచారం దొరుకుతుంది: ఎక్కడ అడుగున పాత పడవ మునిగి ఉందో, ఎక్కడ నీటివాలు బలంగా లాగుతుందో, ఎక్కడ డాల్ఫిన్లు వల చుట్టూ తిరుగుతాయో. పడవ బాడుగను, తోడు వచ్చేవారి రోజు కూలిని ముందే మాట్లాడుకోవాలి. వలలో పోర్పస్ చిక్కిన సంగతి వారు చెబితే దాన్ని ఫిర్యాదుగా మార్చబోమన్న నమ్మకం కలిగించకపోతే, ఆ సంగతులు మరెప్పుడూ చెప్పరు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులు మనకు రెండు విధాలుగా లెక్కలోకి వస్తాయి. రొద తక్కువగా ఉండే ఆ కాలపు రికార్డు మిగతా ఏడాదితో పోల్చుకోవడానికి అమూల్యమైనది. అయితే అదే కాలంలో పరికరం దించడానికి పడవ కావాలంటే మత్స్యశాఖ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. కనుక ఏప్రిల్ మొదటి వారంలోనే దించి, జూన్ మధ్య తర్వాత తీయగలిగేలా బ్యాటరీని, కార్డును లెక్క వేసుకోవడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుఫానులు ఉంటాయి. ఆ కాలంలో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే అలల ఎత్తు సూచనలు చూడకుండా పడవ కదల్చవద్దు.

పరికరమూ, దాని అమరికలూ

మార్కెట్‌లో మూడు తరహాల పరికరాలు ఉన్నాయి. ఎఫ్-పాడ్ వంటివి శబ్దాన్ని యథాతథంగా రికార్డు చేయవు. క్లిక్‌ల సమయం, పౌనఃపున్యం, బలం వంటి లక్షణాలను మాత్రమే రాసుకుంటాయి. అందువల్ల నెలల తరబడి పనిచేస్తాయి, పోర్పస్‌ల కోసమే అయితే ఇంతకంటే సుఖమైన మార్గం లేదు. కానీ తర్వాత ఎప్పుడో డాల్ఫిన్ ఈల ఉందా అని వెనక్కి వెళ్లి వినే వీలు ఉండదు. సౌండ్‌ట్రాప్ వంటివి పూర్తి శబ్దాన్ని రికార్డు చేస్తాయి, ధర ఎక్కువ. హైడ్రోమాత్ తక్కువ ధరలో దొరికే రికార్డర్, సెకనుకు 384 వేల నమూనాల దాకా తీసుకోగలదు. అయితే నీరు చొరని పెట్టెలోంచి వినే దాని చెవి అన్ని పౌనఃపున్యాలకూ సమానంగా స్పందించదు కాబట్టి శబ్దపు బలాన్ని కొలిచే పనికి దాన్ని నమ్ముకోకూడదు. జంతువు ఉందా అన్న ప్రశ్నకు, విద్యార్థుల శిక్షణకు అది సరిపోతుంది.

శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు తీసే నమూనాల సంఖ్య, మీరు వినదలచిన అత్యధిక పౌనఃపున్యానికి రెండు రెట్లకు మించి ఉండాలి. 140 కిలోహెర్ట్జ్‌ల పోర్పస్ క్లిక్‌కు 280 వేల పైన కావాలి కాబట్టి 384 వేలు ఎంచుకుంటారు. 16 బిట్ల చొప్పున అది గంటకు సుమారు 2.8 గిగాబైట్లు, రోజుకు 66 గిగాబైట్లు. అంత దాచుకోవడం కుదరదు కనుక విరామాలతో రికార్డు చేయాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం: గంటకొకసారి పన్నెండు నిమిషాలు రికార్డు చేయడం, ప్రతి అయిదు నిమిషాలకు ఒక నిమిషం రికార్డు చేయడం, రెండూ మొత్తంలో అయిదో వంతే, కానీ పోర్పస్ ఒక కేంద్రం పరిధిలో ఉండేది కొద్ది నిమిషాలే అయినప్పుడు మొదటి పద్ధతి ఆ సందర్శనల్లో చాలావాటిని పూర్తిగా జారవిడుస్తుంది. రెండవ పద్ధతిలో రోజుకు 13 గిగాబైట్ల చొప్పున 512 గిగాబైట్ల కార్డు నెల రోజులు దాటి వస్తుంది. నిషేధపు రెండు నెలలూ ఒకే విడతలో రికార్డు కావాలంటే కార్డును రెట్టింపు చేయాలి, లేదా విరామాన్ని పెంచాలి. డాల్ఫిన్ ఈలలు, పడవల రొద చాలనుకుంటే 48 వేల నమూనాలతో రోజంతా ఆపకుండా రికార్డు చేసినా 8.3 గిగాబైట్లే అవుతుంది.

శబ్దపు బలాన్ని కొలవాలనుకుంటే హైడ్రోఫోన్‌కు క్రమాంకనం (తెలిసిన శబ్దంతో సరిపోల్చి చూడడం) చేయించాలి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థలో అందుకు శబ్ద పరీక్షశాల ఉంది. క్రమాంకన పత్రంలో పూర్తి స్థాయి శబ్దం (పరికరం నమోదు చేయగల గరిష్ఠం) 175 డెసిబెళ్లకు సమానమని ఉందనుకుందాం. మీ ఫైల్‌లోని సంకేతం పూర్తి స్థాయిలో నూరో వంతు ఉంటే, అది 40 డెసిబెళ్లు తక్కువ కాబట్టి 135 డెసిబెళ్లు. ఈ అంకె ఒక మైక్రోపాస్కల్ ఆధారంగా కట్టినది. గాలిలో డెసిబెళ్లకు ఆధారం 20 మైక్రోపాస్కళ్లు. కనుక నీటి అంకెలను వీధిలోని లౌడ్‌స్పీకర్ అంకెలతో పోల్చి వార్తలు రాయకూడదు.

నీటిలోకి దించడం

ఇంట్లో చేసే పని సగం, పడవలో చేసేది సగం. ముందు రోజు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, పెట్టె మూతకు ఉండే ఓ-రింగును (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయాన్ని) బయటకు తీయండి. దీపం కింద దాన్ని రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ పోతే, ఎక్కడైనా గీత, చీలిక ఉంటే గోటికి తగులుతుంది. అది కూర్చునే గాడిని పోగులు రాలని గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు మెరిసేంత పలుచగా మాత్రమే రాయాలి. ముద్దగా రాస్తే ఇసుకను అదే పట్టి ఉంచుతుంది. ఒక్క తలవెంట్రుక, ఒక్క ఇసుక రేణువు రింగుకు అడ్డంగా పడినా 15 మీటర్ల లోతులోని ఒత్తిడికి ఉప్పునీరు ఆ సందులోంచే లోపలికి వస్తుంది. లోపల తేమ తగిలితే రంగు మారే సిలికా జెల్ పొట్లం పెట్టి, మూత బిగించాక, బకెట్ నీటిలో రాత్రంతా ముంచి ఉంచి, ఉదయం పొట్లం రంగు చూడండి. కూర్పు పనిని సముద్రపు గాలి తగిలే చోట చేయకుండా తిరుపతిలోనో నాయుడుపేటలోనో గదిలో ముగించుకుని తీరానికి వెళ్లడమే మంచిది.

గడియారాన్ని ఫోన్‌లోని జీపీఎస్ సమయంతో సెకను దాకా సరిచేసి, అది భారతీయ కాలమానమా, అంతర్జాతీయ కాలమానమా అన్నది పెట్టె మీదా, పుస్తకంలోనూ రాయండి. అయిదున్నర గంటల తేడా గుర్తించకపోతే రాత్రి తిరిగే జంతువు పగటి జంతువుగా మారిపోతుంది.

లంగరుకు కాంక్రీటు దిమ్మ చాలు. దాని నుంచి తాడు, తాడుకు హైడ్రోఫోన్, దాని పైన నీటిలోనే మునిగి ఉండే తేలుడుబుడ్డి. హైడ్రోఫోన్ అడుగుకు ఒకటి రెండు మీటర్ల పైన ఉండాలి. నీటిపై తేలే బుడ్డికి నేరుగా కట్టితే ప్రతి అలకూ తాడు గుంజుకుని రికార్డునంతా పాడు చేస్తుంది. ఇనుప గొలుసు, బిగించని కొక్కెం ఎక్కడా ఉండకూడదు. లోహం లోహానికి తగిలే ప్రతి చోటా రబ్బరు గొట్టం తొడగండి. రికార్డర్ పెట్టెకు టేపు చుట్టి ఉంచితే బార్నకిల్ గుల్లలు టేపు మీద పెరుగుతాయి, తీశాక టేపుతో పాటు వచ్చేస్తాయి. హైడ్రోఫోన్ వినే మొనకు మాత్రం టేపు గానీ, మందపాటి పెయింటు గానీ తగలకూడదు. దించే ముందు రికార్డు ఆన్ చేసి, పెట్టె మీద మూడుసార్లు తట్టి, సమయం పుస్తకంలో రాయండి. తీసేటప్పుడు కూడా ఇలాగే తట్టితే గడియారం మధ్యలో ఎంత జరిగిందో తెలుస్తుంది.

పడవ ఇంజన్ ఆపి, నీటివాలు ఎటు లాగుతుందో చూసి, దిమ్మను నెమ్మదిగా జారవిడవాలి. దిమ్మ అడుగు తాకిన క్షణంలోని జీపీఎస్ బిందువే అసలు స్థానం, పడవ ఆగిన చోటు కాదు. లోతు, అడుగు స్వభావం, గాలి, అలల తీరు, చుట్టూ కనిపించిన పడవల సంఖ్య రాసుకున్నాకే వెనక్కి తిరగాలి.

తీసిన తర్వాత

పరికరాన్ని మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే మూత తెరవండి. కార్డును అక్కడికక్కడే రెండు వేర్వేరు డిస్కులకు కాపీ చేసి, ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోల్చాకే కార్డు ఖాళీ చేయాలి. పరికరం ఏ రోజు ఏ గంట దాకా నిజంగా పనిచేసిందో ముందే తేల్చండి. బ్యాటరీ మధ్యలో ఆగిపోతే ఆ తర్వాతి రోజులు ‘జంతువు లేదు’ అన్న ఖాతాలోకి కాదు, ‘వినలేదు’ అన్న ఖాతాలోకి పోవాలి.

రికార్డులను చదవడం

ఉచితంగా దొరికే పామ్‌గార్డ్ సాఫ్ట్‌వేర్ క్లిక్‌లను, ఈలలను తానే వెతికి పెడుతుంది. కానీ దాన్ని నడిపే ముందు కొన్ని గంటల శబ్దాన్ని మీరే కళ్లతో చూడాలి, చెవులతో వినాలి. ఈ తీరంలో ఏ ఫైల్ తెరిచినా మొదట వినిపించేది పోపులో ఆవాలు చిటపటలాడినట్టుండే శబ్దం. అది చప్పుడు రొయ్యలది. పంజా మూసే వేగానికి పుట్టిన నీటిబుడగ పగలడం వల్ల వస్తుంది. సాయంత్రం చీకటి పడ్డాక కొన్ని నెలల్లో క్రోకర్ జాతి చేపల గురక వంటి బృందగానం కొన్ని వందల హెర్ట్జ్‌ల దగ్గర గంటల కొద్దీ సాగవచ్చు. దాన్ని తిమింగలంగా పొరబడేవారు ఉంటారు.

స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే చిత్రం) అమరికలు జంతువును బట్టి మార్చుకోవాలి. ఈలలకు, 48 వేల రేటులో 1024 నమూనాల కిటికీ (ఒక్కసారికి విశ్లేషించే శబ్దపు ముక్క) పెడితే పౌనఃపున్యంలో సుమారు 47 హెర్ట్జ్‌ల, కాలంలో 21 మిల్లీసెకన్ల స్పష్టత వస్తుంది. ఈల వంపు చక్కగా కనిపిస్తుంది. పోర్పస్ క్లిక్‌కు 384 వేల రేటులో 256 నమూనాల కిటికీ కావాలి. పెద్ద తిమింగలాలకు ఫైల్‌ను 2 వేల రేటుకు కుదించి 1024 నమూనాల కిటికీతో చూస్తే 2 హెర్ట్జ్‌ల తేడా కూడా తెలుస్తుంది. ఒకే అమరికతో అన్నీ చూడబోతే ఏదో ఒకటి చెరిగిపోతుంది.

పోర్పస్ క్లిక్‌ను నిర్ధారించడానికి మూడు ప్రశ్నలు వేయండి. శక్తి అంతా 120–140 కిలోహెర్ట్జ్‌ల పట్టీలోనే ఉందా? రొయ్య చిటుకు కూడా 100 కిలోహెర్ట్జ్‌లు దాటుతుంది, కానీ దాని శక్తి కింది దాకా పరచుకుని ఉంటుంది. క్లిక్‌లు వరుసగా, మధ్య వ్యవధి క్రమంగా మారుతూ వస్తున్నాయా? ఎరను సమీపించే కొద్దీ వ్యవధి తగ్గుతూ చివరకు పది మిల్లీసెకన్ల లోపుకు పడిపోయి గుయ్యిమనే మోతగా మారుతుంది. అది వేటకు గుర్తు, రికార్డులో దొరికే వాటిలో అత్యంత విలువైనది. వ్యవధి గడియారంలా ఏమాత్రం మారకుండా ఉందా? అలాగైతే అది మరబోటు ఎకోసౌండర్ (శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో లోతును, చేపలను కనిపెట్టే పరికరం) అయి ఉండవచ్చు. చేపల కోసం వాడే ఎకోసౌండర్లు ఎక్కువగా 50, 200 కిలోహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తాయి. మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలాలు కూడా 130 కిలోహెర్ట్జ్‌ల దగ్గరే క్లిక్ చేస్తాయి కానీ అవి లోతు నీటి జంతువులు. 10 మీటర్ల కేంద్రంలో వాటిని పక్కన పెట్టవచ్చు, ఖండతీరపు అంచు దగ్గరి కేంద్రంలో అలా పక్కన పెట్టకూడదు.

సాఫ్ట్‌వేర్ గుర్తించిన వాటిలో కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి, ఇద్దరు వ్యక్తులు ఒకరి జవాబు ఒకరు చూడకుండా నిర్ధారితం, సంభావ్యం, సందేహాస్పదం అని వర్గీకరించాలి. అలాగే సాఫ్ట్‌వేర్ ఏమీ లేదన్న నిమిషాల్లో కొన్నిటిని కూడా తీసి చూడాలి. మొదటిది తప్పుడు గుర్తింపులను చెబుతుంది, రెండవది జారిపోయినవాటిని. చాలా నివేదికల్లో మొదటిది మాత్రమే కనిపిస్తుంది. నా దృష్టిలో రెండవది లేని నివేదిక సగం నివేదికే.

లెక్క, నివేదిక

క్లిక్‌ల సంఖ్య జంతువుల సంఖ్య కాదు. ఒక్క పోర్పస్ నిమిషంలో వందల క్లిక్‌లు చేయగలదు, పది పోర్పస్‌లు వేరే వైపు తిరిగి వెళ్లిపోగలవు. కనుక కనీసం ఒక నిర్ధారిత క్లిక్ వరుస ఉన్న నిమిషాలను లెక్కించి, వాటిని నిజంగా రికార్డు చేసిన నిమిషాలతో భాగించాలి. ఆ నిష్పత్తిని గంటవారీగా, నెలవారీగా, పోటు–పాటుల వారీగా చూపవచ్చు.

ఆ నిష్పత్తిని నెల నుంచి నెలకు పోల్చే ముందు రొదను కూడా దాని పక్కనే ఉంచి పోల్చి చూడాలి. రొయ్యల చిటపటలు, పడవలు పెరిగిన నెలలో వినికిడి పరిధి కుంచించుకుపోతుంది. అప్పుడు గుర్తింపులు తగ్గితే జంతువులు తగ్గాయనడానికి లేదు. ప్రతి కేంద్రానికీ 100 కిలోహెర్ట్జ్‌ల పైనున్న పట్టీలో నేపథ్య రొదను నెలవారీగా ఇవ్వండి. ఓడల రొదకు ఐరోపాలో 63, 125 హెర్ట్జ్‌ల పట్టీలను సూచికలుగా వాడతారు. పైన కట్టిన లెక్క ప్రకారం 10 మీటర్ల లోతులో 63 హెర్ట్జ్‌లు దూరం నుంచి రావు కాబట్టి మన తీరపు కేంద్రాలకు 1, 2 కిలోహెర్ట్జ్‌ల పట్టీలను కూడా చేర్చాలి.

వినికిడి పరిధిని ఊహతో కాక పరిశీలనతో కట్టడం ఉత్తమం. అలలు లేని ఉదయం వేళ, కేంద్రం దగ్గర ఇంజన్ ఆపిన పడవలో ఇద్దరు కూర్చుని, కనిపించిన ప్రతి జంతువుకూ సమయం, దిక్కు, అంచనా దూరం రాసుకుని, తర్వాత రికార్డులో ఆ క్షణాలను వెతకాలి. కనిపించి వినిపించనివి ఎన్ని, వినిపించి కనిపించనివి ఎన్ని అన్న పట్టికే మీ పద్ధతి బలాన్ని చెబుతుంది. కృత్రిమ క్లిక్‌లను నీటిలో వినిపించి పరీక్షించే పద్ధతి ఉంది కానీ, రక్షిత జంతువులున్న నీటిలో ప్రత్యేక అనుమతి లేకుండా దాని జోలికి పోవద్దు.

మొత్తం సంఖ్యను అంచనా వేయడం ఒక జిల్లా బృందం మొదటి ఏడాది చేసే పని కాదు. బాల్టిక్ సముద్రంలో పోర్పస్‌లను లెక్కించడానికి 2011–2013 మధ్య సాంబా పథకం 304 చోట్ల క్లిక్ డిటెక్టర్లను దించితే, తేలిన అంచనా సుమారు 500 జంతువులు. మార్పును పట్టుకోవడానికి మాత్రం అంత బలగం అక్కరలేదు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ ఎగువ భాగంలో 2011 నుంచి ఏటా అవే చోట్ల, అదే కాలంలో డిటెక్టర్లు పెట్టడం వల్లనే, అక్కడి వకీటా పోర్పస్ ఏడాదికి మూడో వంతు చొప్పున తగ్గిపోతున్నదని బయటపడింది. అక్కడ ప్రాణం తీస్తున్నవి అడ్డువలలు. మనం తీసుకోవలసినది ఆ క్రమం: అవే చోట్లు, అదే లోతు, అవే అమరికలు, ఏడాది తర్వాత ఏడాది. పరికరం మార్చవలసి వస్తే పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే తాడుకు కట్టి కొన్ని వారాలు కలిపి నడపాలి.

నివేదికలో ప్రతి కేంద్రానికీ లోతు, అడుగు స్వభావం, వినదగిన పౌనఃపున్యాల హద్దు, అంచనా వినికిడి పరిధి, పనిచేసిన నిమిషాలు, ఆగిన రోజులు మొదట రావాలి. గుర్తింపులు ఆ తర్వాత. ఏ జాతి శబ్దం ఆ కేంద్రంలో వినిపించే వీలు లేదో కూడా పేరుతో రాయాలి. 30 మీటర్ల కేంద్రంలో నీలి తిమింగలం దొరకలేదన్న వాక్యం పక్కనే, అక్కడి కనిష్ఠ హద్దు సుమారు 30 హెర్ట్జ్ అన్న అంకె ఉండాలి. శబ్ద ఫైళ్లలో మనుషుల మాటలు, భద్రతకు సంబంధించిన ఓడల శబ్దాలు ఉండవచ్చు కనుక, అనుమతి ఇచ్చిన శాఖలను సంప్రదించకుండా పూర్తి ఫైళ్లను ఇంటర్నెట్‌లో పెట్టకూడదు; గుర్తింపుల పట్టికను మాత్రం అటవీశాఖకు, మత్స్యశాఖకు, తీరానికి దగ్గరి కళాశాలలకు ఇవ్వాలి. పాళెంలో ఇవ్వవలసినది వేరు: ఏ నెలలో, ఏ లోతులో, రాత్రి ఏ వేళ పోర్పస్‌లు ఎక్కువగా వినిపించాయో చూపే ఒకే ఒక్క పటం, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. వల వేసే వేళను అటూ ఇటూ జరపగలరా అన్న మాట ఆ పటం ముందు కూర్చుని మాట్లాడుకోవలసినది.